కేకే లైన్ మోడల్: హెలిక్స్‌లో ఖనిజం రేకు లోపలికి ఒరిగి పడిపోతోంది, ముందు ఏది సరిచేయాలి?

శిమిలిగుడ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మేడ మీద 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న గదిలో రెండేళ్లుగా కొత్తవలస–కిరండూల్ లైన్ ఘాట్ భాగాన్ని హెచ్‌ఓ స్కేలులో కడుతున్నాను. అంటే ప్రతిదీ అసలు కొలతలో 87వ వంతు. పైన శిమిలిగుడ, గోడ వెంట దిగుతూ వస్తే బొర్రా గుహలు, అన్నిటికంటే కింద శివలింగాపురం. అసలు లైనులో 58 సొరంగాలు ఉంటే నా గదిలో ఆరింటికే చోటు దొరికింది. బ్రాడ్‌గేజ్ లెక్క ప్రకారం పట్టాల మధ్య 19.3 మి.మీ. ఉండాలి కానీ, మన దేశంలో ఎక్కువమంది చేసినట్టే నేనూ దుకాణంలో దొరికే 16.5 మి.మీ. పట్టానే వేశాను.

మా నాన్నగారు ఈ లైనులో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 81 ఏళ్లు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న రేకు (కలిపిన వ్యాగన్ల వరస) మూడు ఇంజన్ల వెనక ఘాట్ దిగుతుంటే, చివర గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లో నిలబడిన ఆయనకు వంపు తిరిగిన తన రైలు ఇంజన్లే ఎదుటి కొండవాలు మీద కనిపించేవట. నాకు కావలసింది ఆ దృశ్యం. ఈ పని మొత్తం దానికోసమే మొదలుపెట్టాను.

ఇక సమస్య. కిందికి దిగిన రేకు మళ్లీ శిమిలిగుడ చేరడానికి గది మూలలో హెలిక్స్ కట్టాను. స్ప్రింగులా అయిదు చుట్లు, వ్యాసార్ధం 61 సెం.మీ., చుట్టుకు 10 సెం.మీ. ఎత్తు. లెక్క కడితే 2.6 శాతం వాలు. మూడు డబ్ల్యూఏజీ-5 ఇంజన్లు, 24 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్లు, ఒక బ్రేక్‌వ్యాన్. రెండో చుట్టులోకి రాగానే అయిదో వ్యాగన్ నుంచి ఎనిమిదో వ్యాగన్ వరకు లోపలివైపు ఒరిగి పడిపోతున్నాయి. ఇంజన్లు మాత్రం ఆగకుండా లాగుతూనే ఉంటాయి. ఒకసారి ఏడు వ్యాగన్లు అంచు దాటి నేల మీద పడ్డాయి, రెండింటి నిచ్చెనలు విరిగాయి.

వ్యాగన్లలో 16 కొన్నవి, ఒక్కొక్కటి 38 గ్రాములు, చక్రాలు ప్లాస్టిక్‌వి. మిగతా ఎనిమిది నేనే త్రీడీ ప్రింటర్ మీద రెసిన్‌తో చేసుకున్నవి, 62 గ్రాములు. ఇవి కొత్తవి కాబట్టి వెనకవైపు కలిపాను. అసలు లైనులో ఉన్నట్టే హెలిక్స్ వంపులో బయటి పట్టాను 1.5 మి.మీ. ఎత్తు లేపాను. అయినా పడిపోతున్నాయి. హెలిక్స్ పగలగొట్టి పెద్దది కట్టాలా? ఇంకా బలమైన ఇంజన్లు కొనాలా? నాన్నగారి ముందు మళ్లీ రేకు పడిపోవడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మౌలాలి (హైదరాబాద్)

శిమిలిగుడ గారూ, ఏదీ పగలగొట్టకండి. ముందు కరెంటు సంగతి చూసుకోండి, ఎందుకంటే మూడు ఇంజన్లలో ఒకదానికి వోల్టేజీ తగ్గితే మిగతా రెండూ దాన్ని కూడా ఈడ్చుకుపోవాలి. హెలిక్స్ అడుగున మందపాటి రాగి తీగ జంట ఒకటి పరిచి, మీటరుకు ఒకచోట పట్టాకు టంకం పెట్టండి. పట్టాలను కలిపే జాయినర్ల మీద కరెంటుకు ఆధారపడకూడదు, విశాఖ సముద్రపు గాలికి అవి తొందరగా పాడవుతాయి. తర్వాత అయిదో చుట్టు చివర రెండు పట్టాల మీద అడ్డంగా రూపాయి నాణెం పెట్టి చూడండి. పట్టాలకు కరెంటు పంపే బూస్టర్ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే తీగ చాలలేదని అర్థం, ఎప్పుడో ఒకరోజు పట్టా తప్పిన చక్రం దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది.

వ్యాగన్ల గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దాయన ఇక్కడ ఉన్నారు, ఆయన రాస్తారు.

సిక్ లైన్ (విజయవాడ)

ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో 31 ఏళ్లు పనిచేశాను. గార్డు రైలు చివర ప్రయాణిస్తాడు, మేము రైలు కింద బతుకుతాము, ఇద్దరికీ వ్యాగన్ అంటే ఒకటే ప్రాణం.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఒక తాడును నేల మీద వంపుగా పరిచి రెండు చివరలూ పట్టి లాగండి. అది తిన్నగా కావాలని చూస్తుంది, మధ్య భాగం లోపలికి జరుగుతుంది. మీ రేకు ఆ తాడే. ముందు ఇంజన్లు లాగుతున్నాయి, వెనక బరువు పట్టి ఉంది, మధ్యలో 38 గ్రాముల వ్యాగన్లు ఉన్నాయి. తేలికైనవాటిని ముందు పెట్టి బరువైనవాటిని వెనక కలిపారు, కాబట్టి ఎక్కువ లాగుడు పడే చోట తక్కువ బరువు ఉంది. పైగా బయటి పట్టాను ఎత్తారు. అసలు లైనులో ఆ ఎత్తు వేగం కోసం. వేగంగా వచ్చే రైలు బయటికి తోసుకుపోకుండా అది కాస్తుంది. మీ హెలిక్స్‌లో రైలు నడక వేగంతో ఎక్కుతోంది. ఆ 1.5 మి.మీ. వ్యాగన్‌ను మీరే లోపలికి వంచి ఇంజన్ చేతికి అందించినట్టు అయింది. ఈ రోజే ఆ ఎత్తు తీసేయండి. చూసేవాళ్లకు కనిపించే ఘాట్ భాగంలో కావాలంటే అర మిల్లీమీటరు ఉంచుకోండి, అందంగా ఉంటుంది.

బలమైన ఇంజన్ మాత్రం కొనకండి. లాగే బలం పెరిగితే పడటమూ పెరుగుతుంది. తగ్గించాల్సింది లాగుడు. అంటే చక్రాలు. ఒక మీటరు చెక్క తీసుకుని దాని మీద పట్టా బిగించి, వ్యాగన్ పెట్టి ఒక చివర నెమ్మదిగా పైకెత్తండి. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర దానంతట అది కదులుతుందో రాసుకోండి. ప్లాస్టిక్ ఇరుసులైతే 30 దాటుతుంది. సూదిమొన ఉన్న ఉక్కు ఇరుసు, ఇత్తడి చక్రాలు వేస్తే 15 లోపుకు వస్తుంది. 24 వ్యాగన్లకు ఆ తేడా ఎంత అవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఇంకో లాభం, లోహపు చక్రం బరువు పట్టాకు దగ్గరగా ఉంటుంది, వ్యాగన్ నిలకడగా నడుస్తుంది.

ఇప్పుడు బోగీ. బయట అందరూ పెట్టెనే బోగీ అంటారు, వర్క్‌షాపులో బోగీ అంటే పెట్టె కింద తిరిగే నాలుగు చక్రాల చట్రం. వ్యాగన్‌కు రెండు బోగీలు. ఒక బోగీ మరను అది పక్కలకు ఊగకుండా, తిరగడానికి మాత్రం వీలుండేలా బిగించండి. రెండోదాని మరను అర చుట్టు వదులు చేసి కాస్త ఊగనివ్వండి. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడుతుంది, నాలుగు కాళ్లది నిలబడదు. ఇదీ అంతే. రెండు బోగీలూ గట్టిగా బిగించిన వ్యాగన్ పట్టా మీద చిన్న మెలిక తగిలినా ఒక చక్రం పైకెత్తుతుంది. మీ రెసిన్ వ్యాగన్లను అద్దం మీద పెట్టి చూడండి, ఎండాకాలం మేడ మీద గదిలో రెసిన్ అడుగుచట్రం మెలి తిరుగుతుంది. చక్రాల మధ్య దూరం కూడా కొలవండి. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 మి.మీ. దగ్గర ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా, లైన్లు చీలే పాయింట్ల దగ్గర చక్రాలు పట్టా మీదికి ఎక్కేస్తాయి.

చివరగా ఒక మాట. లోడు రేకు అసలు లైనులో దిగుతుంది, ఖాళీ రేకు ఎక్కుతుంది. మీ నాన్నగారికి ఇది బాగా తెలుసు. మీరు లోడును హెలిక్స్ ఎక్కిస్తున్నారు. ఖనిజాన్ని విడిగా తీసేలా చేసుకుంటే, శివలింగాపురం దాటాక చూసేవాళ్లకు కనిపించని లైన్లలో లోడు ఎత్తేసి ఖాళీలనే పైకి పంపవచ్చు. ఆ లోడు ఎంత ఎత్తు ఉండాలో కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఖనిజం బొగ్గులా కాదు, చాలా బరువు. బాక్స్‌ఎన్‌లో 56 ఘనమీటర్ల చోటు ఉన్నా, 58 టన్నుల ఖనిజానికి అందులో సగం కూడా నిండదు. అంచుదాకా నింపితే చూసినవాళ్లు బొగ్గు రేకు అనుకుంటారు. మీ స్కేలులో లోపలి ఎత్తు 22 మి.మీ. దాకా వస్తుంది, మధ్యలో 9 మి.మీ. కుప్పగా పోసి అంచుల వైపు తగ్గించండి.

ఒక నోటుబుక్ పెట్టండి. ప్రతి వ్యాగన్‌కు ఒక పేజీ. పడినది ఏదైనా అదే రోజు రేకు నుంచి తీసి పక్క లైనులో పెట్టండి, కారణం రాయనిదే మళ్లీ కలపకండి. మేము పాడైన వ్యాగన్‌కు సిక్ లేబుల్ అంటించేవాళ్లం.

గోదావరి వంతెన (డల్లాస్, టెక్సాస్)

పెద్దాయన చెప్పినదానికి రెండు లెక్కలు కలుపుతాను. మాది రాజమండ్రి, 19 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మా క్లబ్బులో లేఅవుట్‌కు ఎవరు కొత్త వ్యాగన్ తెచ్చినా ముందు తూకం వేస్తారు.

అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ బరువుకు ఒక సూచన ఇచ్చింది. హెచ్‌ఓలో వాహనానికి మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మన కొలతల్లో 28 గ్రాములు, ఆపైన సెంటీమీటరుకు 5.6 గ్రాములు. బాక్స్‌ఎన్ అసలు పొడవు 10.7 మీటర్లు, మోడల్‌లో 12.3 సెం.మీ., అంటే 97 గ్రాములు ఉండాలి. మీ 38 గ్రాములు అందులో సగం కూడా కావు. మీరు అరకు పాసింజరు పెట్టెలు కూడా చేస్తే ఐసీఎఫ్ పెట్టె 24.5 సెం.మీ. వస్తుంది, దానికి 165 గ్రాములు. అయితే సంఖ్య కన్నా అన్నీ ఒకే బరువు ఉండటం ముఖ్యం. అన్నిటికీ సమానంగా బరువు పెంచితే లాగుడు కూడా అదే మేర పెరుగుతుంది, కాబట్టి ఒరిగే సమస్య బరువు ఒక్కదానితో పోదు. తేడాలు పోవాలి, చక్రాల రాపిడి తగ్గాలి.

చక్రాల కొలత చూసి కొనండి. ఐసీఎఫ్ పెట్టె చక్రం 915 మి.మీ., అమెరికా 36 అంగుళాల చక్రానికి దాదాపు సరిసమానం, కాబట్టి ఇక్కడి చక్రాలు అలాగే సరిపోతాయి. బాక్స్‌ఎన్‌ది 1000 మి.మీ., మోడల్‌లో 11.5 వస్తుంది. దానికి యూరప్ వాళ్ల 11 మి.మీ. చక్రమే దగ్గర. కొనేముందు ఇరుసు పొడవు తప్పకుండా కొలవండి, అర మిల్లీమీటరు పొట్టిదైనా చక్రం బోగీలో లొడలొడలాడుతుంది, పొడవైతే అసలు తిరగదు.

హెలిక్స్ వాలు 2.6 శాతం అన్నారు. వంపు కూడా రైలును పట్టి ఆపుతుంది. ఇక్కడ చాలామంది వాడే లెక్క, 32ను అంగుళాల్లో ఉన్న వ్యాసార్ధంతో భాగించడం. మీది 24 అంగుళాలు, అంటే 1.3 శాతం అదనం. ఇంజన్‌కు అది దాదాపు 4 శాతం ఎత్తులా ఉంటుంది. అందుకే ఖాళీలను ఎక్కించమన్న సలహా నాకు బాగా నచ్చింది. బరువుకు నేను సీసం గుళ్లు వాడతాను, తెల్ల జిగురు పోసి అడుగున అంటిస్తాను.

సిక్ లైన్ (విజయవాడ)

సీసం, తెల్ల జిగురు కలపకండి. ఇది మా మనవడి వ్యాగన్ల మీద నేను కళ్లారా చూశాను. తెల్ల జిగురు నుంచి వచ్చే ఆమ్లం సీసాన్ని తినేస్తుంది, తెల్లటి పొడి పట్టి గుళ్లు ఉబ్బుతాయి. మూడేళ్లకు వ్యాగన్ అడుగు పొట్టలా పొంగి అతుకుల దగ్గర పగిలింది. పిల్లలు ముట్టుకునే చోట సీసం అసలే వద్దు. ఉక్కు పట్టీ కోయించి రెండు గొట్టాల ఎపాక్సీతో అంటించండి. గోదావరి గారూ, మీవి కూడా ఒకసారి తిప్పి చూసుకోండి.

గోదావరి వంతెన (డల్లాస్, టెక్సాస్)

ఇప్పుడే చూశాను. పాత వాటిలో రెండింటి అడుగు చేతికి ఎగుడుగా తగులుతోంది. ఈ వారాంతం మొత్తం విప్పుతాను. చాలా కృతజ్ఞతలు పెద్దాయనా.

శిమిలిగుడ (విశాఖపట్నం)

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి, చక్రాలు రావడానికే మూడు వారాలు పట్టింది.

ముందు హెలిక్స్‌లో బయటి పట్టా కింద పెట్టిన కార్డు పట్టీలన్నీ లాగేశాను. ఆ ఒక్క పనికే, ఇంకేమీ మార్చకముందే, 14 వ్యాగన్లు పడకుండా పైకి చేరాయి. తర్వాత వరస మార్చి రెసిన్‌వి ఇంజన్ల వెనక కలిపితే 18 చేరాయి. చక్రాలు వచ్చాక మీటరు చెక్క పరీక్ష చేశాను. పాతవి సగటున 38 మి.మీ. ఎత్తితే గానీ కదల్లేదు. కొత్తవి 13 దగ్గరే కదిలాయి. ఒక వ్యాగన్ మాత్రం 29 చూపించింది. భూతద్దంతో చూస్తే బోగీ గుంతలో ప్లాస్టిక్ అచ్చు మిగిల్చిన వెంట్రుకంత రేక ఉంది, ఇరుసు మొన దాన్ని రాసుకుంటోంది. సన్నటి డ్రిల్లు బిట్‌ను వేళ్లతో రెండుసార్లు తిప్పితే రాలిపోయింది. తర్వాత అదీ 12కి వచ్చింది. ఇంత చిన్న రేక ఒక రేకును ఆపగలదని నేను ఊహించలేదు.

బరువుకు 75 మి.మీ. పొడవు, 30 వెడల్పు, 1.5 మందం ఉక్కు పలకలు కోయించాను, ఒక్కొక్కటి 26 గ్రాములు. కొన్న వ్యాగన్లు చక్రాలతో, పలకతో కలిపి 75 గ్రాములు తూగాయి. రెసిన్‌వాటికి చక్రాలు మారిస్తే చాలింది, 73 దగ్గరికి వచ్చాయి. సలహా విని అద్దం మీద పెడితే ఎనిమిదిలో మూడు అడుగుచట్రాలు మెలి తిరిగి కనిపించాయి. వేడి నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక రెండు అద్దాల మధ్య బరువు పెట్టి చల్లార్చాను. సరయ్యాయి.

లోడుకు మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, దాని మీద పల్చటి ఇనుప రేకు, ఆపైన కుప్ప. ఖనిజం రంగు కోసం ఇటుక పొడిలో నల్లరంగు కలిపి చూస్తే ఎరుపు ఎక్కువైంది. నాన్నగారు బైలదిల్లా ఖనిజం అంత ఎర్రగా ఉండదని, ఎండలో నీలం కలిసిన ముదురు బూడిద రంగులో మెరుస్తుందని, దుమ్ము మాత్రమే ఎరుపని చెప్పారు. అందుకే గ్రాఫైట్ పొడి కలిపి, అంచుల్లో మాత్రం ఎర్రదుమ్ము చల్లాను. లోడు 20 గ్రాములు, మొత్తం 95. కర్రకు కట్టిన అయస్కాంతం దించితే టక్కున అతుక్కుని పైకి వస్తుంది. 24 లోడ్లు ఎత్తడానికి నాలుగు నిమిషాలు చాలు.

ఖాళీ రేకు ఇప్పుడు అయిదు చుట్లూ రెండు ఇంజన్లతోనే ఎక్కుతోంది. లోడుతో కూడా పరీక్షించాను. 24 లోడ్లతో మూడో చుట్టులో తొమ్మిదో వ్యాగన్ పడింది. పక్క వ్యాగన్‌తో కలిపే దాని కప్లింగ్ ఒకవైపు పూర్తిగా తిరగడం లేదు. అది ఇప్పుడు శిమిలిగుడ పక్క లైనులో ఉంది, చిన్న కాగితం మీద సిక్ అని రాసి అంటించాను.

నిన్న సాయంత్రం నాన్నగారు కూర్చుని ఉండగా లోడు రేకును ఘాట్ మీద దింపాను. బొర్రా దాటి వంపు తిరిగినప్పుడు ఇంజన్లు ఎదుటి కొండ మీద, బ్రేక్‌వ్యాన్ ఇటువైపు సొరంగం నోటి దగ్గర ఉన్నాయి. ఆయన లేచి నిలబడి రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించి, రేకు చివరిదాకా వెళ్లేవరకు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు, “ఎల్‌వి బోర్డు ఏది?” అని. నిజమే, బ్రేక్‌వ్యాన్ వెనక ఎల్‌వి (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) బోర్డు పెట్టడం మరిచిపోయాను. అది లేకపోతే వెనక వ్యాగన్లేవీ విడిపోకుండా రైలు పూర్తిగా వచ్చిందని స్టేషను వాళ్లకు తెలిసేదెలా అని ఆయన నాకు అరగంట చెప్పారు. ఈ రోజు పొద్దున పసుపు కార్డు కోసి బోర్డు పెట్టాను. తోక దీపం కూడా కావాలని అడుగుతున్నారు. చక్రాల నుంచి కరెంటు తీసుకుంటే దీపం ఎక్కడపడితే అక్కడ ఆరిపోతోంది. ఏం చేయాలి?

మౌలాలి (హైదరాబాద్)

పట్టా నుంచి వచ్చేది డీసీసీ (ఇంజన్లకు ఆదేశాలు కూడా మోసే, దిశ మారుతూ ఉండే) కరెంటు కాబట్టి ముందు దాన్ని ఒకే దిశకు మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ పెట్టండి. దాని తర్వాత 25 వోల్టుల 220 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆపైన రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ. రెసిస్టర్ విలువ వెలుగును బట్టి మార్చుకోండి. చక్రం మురికి మీద నుంచి దాటే ఆ క్షణం కెపాసిటర్ దీపాన్ని నిలబెడుతుంది. కరెంటు తీసే లోహపు పట్టీని చక్రం మీద కాకుండా ఇరుసు మీద ఆనించండి, పల్చటి ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే లాగుడు పెరగదు. అసలు బ్రేక్‌వ్యాన్ దీపం ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి తనంతట తాను మినుకుమనే మూడు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ అడగండి, మన కోఠి దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడ తెలిసినవారు లేకపోతే చెప్పండి, నేను కొని పంపిస్తాను.